తక్‌పట్టిని ఎక్స్‌ఎంఎల్‌లో ఎలా రాయాలి?

వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్ముకున్న రైతు చేతికి చివరికి వచ్చేది ఒక తక్‌పట్టి. తేదీ, రైతు పేరు, ఊరు, అడ్తిదారు, ఖరీదుదారు, రకం, బస్తాలు, కాంటా బరువు, తరుగు, ధర, హమాలీ, కాంటా వేసే దడువాయి కూలి, చేతికొచ్చే మొత్తం అన్నీ ఆ చిన్న కాగితం మీదే ఉంటాయి. మార్కెట్ అలవాటున్న ఎవరైనా దాన్ని అర నిమిషంలో చదివేస్తారు. ఏ అంకె బరువో, ఏ అంకె ధరో గడిని బట్టే తెలిసిపోతుంది. ప్రోగ్రాముకు ఆ అలవాటు ఉండదు. అదే కాగితాన్ని ఎక్స్‌ఎంఎల్‌గా, అంటే ప్రతి విషయాన్నీ దాని పేరున్న ట్యాగుల మధ్య పెట్టే పత్రంగా, మార్చేటప్పుడు మన తలలో ఉన్న అలవాటంతా పత్రంలోకి ఎక్కాలి. ఎక్కకుండా మిగిలిపోయినదాన్ని, ఆ పత్రం చదివే ప్రతి ప్రోగ్రామూ ఊహించుకోవాల్సి వస్తుంది.

ఎక్స్‌ఎంఎల్ పత్రం బాగా కుదిరిందో లేదో తెలుసుకోవాలంటే దాన్ని చదివే కోడ్ చూడాలని నా అభిప్రాయం. ఆ కోడ్‌లో కామా దగ్గర తెంపడాలు, "ఖాళీగా ఉంటే సున్నా అనుకో" లాంటి షరతులు, అక్షరాల నమూనాలు వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు వరసగా కనిపిస్తున్నాయంటే, పత్రం రాసినవాళ్లు చేయాల్సిన పని అక్కడికి వచ్చి పడిందన్నమాట. పత్రాన్ని పుట్టించే ప్రోగ్రాము ఒక్కటే. చదివేవి మాత్రం పెరుగుతూనే ఉంటాయి. లెక్కలు రాసేది ఒకటి, రైతుకు ఎస్ఎంఎస్ పంపేది ఒకటి, రోజు ధరల పట్టిక వేసేది ఒకటి, ఐదేళ్ల తర్వాత ఎవరో విద్యార్థి రాసుకునే స్క్రిప్టు ఒకటి. ఒకచోట ఒకసారి పడితే సరిపోయే కష్టాన్ని ఇంతమంది నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

చాలాచోట్ల కనిపించే రాత ఇలా ఉంటుంది. అంకెలు ఉదాహరణకే.

<పట్టి>
  <వివరాలు>తేజ, 12 బస్తాలు, రూ.15,000/-</వివరాలు>
  <బరువు>492</బరువు>
  <బరువు>480</బరువు>
  <తేదీ>5/2/24</తేదీ>
  <కోత1>హమాలీ 300</కోత1>
  <కోత2>దడువాయి 60</కోత2>
  <తేమ></తేమ>
  <జిల్లా>వరంగల్</జిల్లా>
</పట్టి>

పత్రాన్ని చదివి ట్యాగులను విడదీసే ప్రోగ్రాముకు, అంటే పార్సర్‌కు, ఇందులో ఏ తప్పూ కనబడదు. తెరిచిన ప్రతి ట్యాగూ మూసి ఉంది, ఒకదానిలో ఒకటి సరిగ్గానే ఇమిడాయి, అన్నిటినీ తనలో పట్టుకున్న పై ట్యాగు, అంటే వేరు, ఒక్కటే. ఎక్స్‌ఎంఎల్ నియమం వరకు ఇది సక్రమంగా ఉన్న పత్రమే. కానీ దాదాపు ప్రతి వరసలోనూ ఒక గుంట ఉంది.

"వివరాలు" అన్న ట్యాగు మూడు విషయాలను ఒకే మూటగా కట్టింది. ట్యాగులు పెట్టిందే విషయాలను విడదీయడానికి. మళ్లీ కామాలతో కలిపేస్తే ఎక్స్‌ఎంఎల్ లోపల ఇంకో చిన్న భాషను పుట్టించినట్టే, దానికి వేరే పార్సర్ రాయాలి. రకం పేరులోనే రేపు కామా వస్తే ఆ పార్సరూ తప్పుతుంది. "బరువు" రెండుసార్లు ఉంది. మొదటిది సంచితో కలిపి, రెండోది సంచి తీసేసి. ఆ తేడాను మోస్తున్నది వరస మాత్రమే. ఏదో ఒక సాఫ్ట్‌వేరు ఆ రెండిటినీ తారుమారు చేస్తే రైతుకు 12 కిలోలు అటూ ఇటూ అవుతుంది, ఎక్కడా ఎర్రర్ రాదు. "కోత1, కోత2" అని ట్యాగు పేరులోనే అంకె కలపడం ఇంకా పెద్ద పొరపాటు. రేపు మూడో కోత వస్తే పత్రం నమూనాతో పాటు చదివే ప్రతి ప్రోగ్రామూ మారాలి. "కోతలన్నీ కూడు" అనే మామూలు ప్రశ్నకు కూడా పేరు మొదట్లో ఏ అక్షరాలున్నాయో వెతికే కోడ్ రాయాలి.

అదే తక్‌పట్టిని నేనైతే ఇలా రాస్తాను:

<పట్టి సంఖ్య="ప417" తేదీ="2024-02-05">
  <రైతు సూచిక="ర88"/>
  <సరుకు రకం="తేజ" బస్తాలు="12"/>
  <స్థూలబరువు ప్రమాణం="కిలో">492.0</స్థూలబరువు>
  <తరుగు ప్రమాణం="కిలో" కారణం="సంచి">12.0</తరుగు>
  <నికరబరువు ప్రమాణం="కిలో">480.0</నికరబరువు>
  <ఖరారుధర ప్రమాణం="క్వింటాల్">15000.00</ఖరారుధర>
  <కోత పద్దు="హమాలీ">300.00</కోత>
  <కోత పద్దు="దడువాయి">60.00</కోత>
</పట్టి>

ఇప్పుడు కోతల మొత్తం కావాలంటే "పట్టి/కోత" అన్న ఎక్స్‌పాత్ దారిని కూడిక చేసే సమ్ ఫంక్షన్‌కు ఇస్తే చాలు. ఎక్స్‌పాత్ అంటే పత్రంలో కావాల్సిన ట్యాగును దారి చెప్పి వెతికే ప్రశ్నల భాష. హమాలీ ఒక్కటే కావాలంటే "పట్టి/కోత[@పద్దు='హమాలీ']". కొత్త కోత చేరినా మొదటి ప్రశ్న అలాగే పనిచేస్తుంది. 4.80 క్వింటాళ్లకు 15,000 చొప్పున 72,000, అందులో 360 పోగా 71,640 అని ప్రోగ్రామే లెక్క కట్టుకోగలదు. మొత్తాన్ని కూడా పత్రంలో రాయాలా అంటే, రాయాలనే అంటాను. ఆ రోజు రైతుకు నిజంగా ఎంత ఇచ్చారో చెప్పే సాక్ష్యం అది. పైగా లెక్కతో సరిపోల్చి చూసుకోవచ్చు. కానీ అది "చెల్లించినమొత్తం" అన్న పేరుతో ఉండాలి, ఉత్త "మొత్తం" అని కాదు.

ఏది ట్యాగు కావాలి, తెరిచే ట్యాగులోనే ప్రమాణం="కిలో" అన్నట్టు రాసే అట్రిబ్యూట్ ఏది కావాలి అన్నది పాత తగాదా. నేను పాటించే పద్ధతి సాదా. తూకం, సొమ్ము లాంటి విలువను తెరిచే, మూసే ట్యాగుల మధ్య పెడతాను. ఆ విలువను ఎలా అర్థం చేసుకోవాలో చెప్పే ప్రమాణం, సంకేతం, భాష, గుర్తింపు సంఖ్య అట్రిబ్యూట్‌లోకి వెళ్తాయి. ఐఎస్ఓ 20022 అనే అంతర్జాతీయ ప్రమాణంలోని బ్యాంకు సందేశాలు సొమ్మును ట్యాగులో ఉంచి, అది ఏ కరెన్సీయో అట్రిబ్యూట్‌లో చెబుతాయి. అందులోనూ ఇదే తర్కం. దీనికి తోడు సాంకేతికంగా దాటలేని హద్దులు కొన్ని ఉన్నాయి. ఒకే ట్యాగులో ఒకే పేరుతో రెండు అట్రిబ్యూట్లు ఉండకూడదు. అట్రిబ్యూట్ లోపల ఇంకో ట్యాగు ఇమడదు. అట్రిబ్యూట్లు రాసిన వరస మీద ఆధారపడకూడదు. చాలామంది గమనించనిది ఇంకొకటి ఉంది. అట్రిబ్యూట్ విలువ మధ్యలో ఎంటర్ కొట్టి కొత్త వరసకు వెళ్తే పార్సర్ దాన్ని ఖాళీ జాగాగా మార్చి ఇస్తుంది. మూడు వరసల చిరునామాను అట్రిబ్యూట్‌లో పెడితే చదివేవారికి ఒక్క వరసే అందుతుంది. రేపు పెరిగే అవకాశం ఉన్నదాన్నీ, రెండోది రావచ్చనుకునేదాన్నీ ట్యాగుగా పెట్టడమే మేలు.

పేరు విషయంలో ఒక్క మాట. పై నమూనాలో "ధర" అని వదిలేయకుండా "ఖరారుధర" అన్నాను. మన మార్కెట్లో ధర అంటే రెండు ఉంటాయి. పొద్దున జెండా పాటలో పలికేది ఆ రోజు మేలైన సరుకుకు పలికిన ధర, పేపర్లలో వచ్చేది అదే. రైతు కుప్పకు ఖరీదుదారు ఒప్పుకున్నది వేరు, చాలాసార్లు తక్కువ. రెండూ "ధర" అన్న పేరుతోనే వేర్వేరు ఫైళ్లలో ఉంటే, వాటిని కలిపి సగటు తీసే ప్రోగ్రాము తప్పు అంకెను ధైర్యంగా చూపిస్తుంది. జెండా పాట ధర పట్టికి చెందినది కూడా కాదు, రోజుకు చెందినది. దాన్ని పై వేరు దగ్గర, ఆ రోజు వివరాల్లో ఉంచాలి. ఏ విషయం దేనికి చెందుతుందో దాని కిందే పెట్టడం కన్నా నిర్మాణంలో పెద్ద రహస్యం లేదు. ప్రతి పట్టిలోనూ మార్కెట్ పేరు, జెండా ధర మళ్లీ మళ్లీ రాస్తే, ఏదో ఒకచోట తేడా వచ్చినప్పుడు ఏది నిజమో చెప్పేవాళ్లుండరు.

ఇక అంకెలు. ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. "1,25,000" అని రాస్తే మనకు లక్షా పాతికవేలు. ఎక్స్‌పాత్‌కు అది అంకె కాదు, నంబర్ ఫంక్షన్ "అంకె కాదు" అనే ప్రత్యేక విలువనే ఇస్తుంది. దాన్ని నాన్ అంటారు. వంద పట్టీల్లో ఒక్కదాంట్లో కామా ఉన్నా, సమ్ ఫంక్షన్ మొత్తం జవాబునే నాన్ చేస్తుంది. "రూ.", "/-" గుర్తులతోనూ అంతే. "౧౨౫" అని తెలుగు అంకెలు వేసినా అంతే. ఏ ట్యాగులో ఎలాంటి విలువ ఉండాలో చెప్పే నియమాల ఫైలును స్కీమా అంటారు. ఎక్స్‌ఎంఎల్ స్కీమాలోని డెసిమల్ (దశాంశ) రకం 0 నుంచి 9 వరకు అంకెలు, ఒక చుక్క, ముందు గుర్తు, ఇవి తప్ప దేన్నీ ఒప్పుకోదు. కామాలు, రూపాయి గుర్తు, తెలుగు అంకెలు తెర మీదో కాగితం మీదో చూపించేటప్పుడు వేసుకోవాలి. పత్రంలో ఉత్త అంకె ఉండాలి. సొమ్ముకు, అంకెలను బైనరీలో ఉంచే ఫ్లోట్ రకం వాడకండి. దశాంశంలో 0.1 అన్నది బైనరీలో ఖచ్చితంగా ఇమడదు, వేల పట్టీలు కూడేసరికి పైసలు జరుగుతాయి. డెసిమల్ వాడండి.

తేదీ "5/2/24" అంటే ఫిబ్రవరి 5 అని మనకు అనుమానమే రాదు. అమెరికా అలవాటున్న లైబ్రరీ దాన్ని మే 2 అని చదువుతుంది. నెలలో 12వ తేదీ దాటితే ఎర్రర్ వస్తుంది కాబట్టి తప్పు దొరుకుతుంది, 12లోపు అయితే దొరకదు. నెలలో మొదటి 12 రోజుల లెక్కలు మాత్రమే చెడిపోతున్నాయంటే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. 2024-02-05 అని సంవత్సరం ముందు పెట్టి రాస్తే అనుమానమే ఉండదు. మాటలుగా వరస పెట్టినా కాలక్రమంలోనే వస్తుంది. సమయం కూడా రాస్తే భారత కాలమానమని తెలిసేలా చివర +05:30 చేర్చండి. అలాగని సంవత్సరం ఒక ట్యాగు, నెల ఒక ట్యాగు, రోజు ఒక ట్యాగు అని ముక్కలు చేయకండి. తేదీకి అందరికీ తెలిసిన రకం ఒకటి ఉన్నప్పుడు ఆ ముక్కలను మళ్లీ అతికించే పని ఎవరికీ పెట్టకూడదు.

ఖాళీ ట్యాగు గురించి కాస్త నింపాదిగా చెప్పాలి. పత్తినే తీసుకుందాం. సీసీఐ (కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) కొనుగోలులో తేమ 8 శాతం లోపు ఉంటే పూర్తి మద్దతు ధర, 8 నుంచి 12 శాతం వరకు తేమను బట్టి కోత, 12 దాటితే కొనరు. ఇప్పుడు పత్రంలో <తేమ></తేమ> అని ఉందనుకోండి. తేమ కొలవలేదా, మీటరు పనిచేయలేదా, రాసేవాళ్లు మరిచిపోయారా, సున్నానా? ఎక్స్‌పాత్ ఆ ఖాళీని నాన్‌గా చూస్తుంది. నాన్‌ను దేనితో పోల్చినా, అది పెద్దదా చిన్నదా అని అడిగినా, జవాబు "కాదు" అనే వస్తుంది. కాబట్టి "12 కన్నా ఎక్కువైతే తిరస్కరించు" అన్న షరతులో ఆ బండి చిక్కకుండా జారిపోతుంది. ఖాళీని సున్నాగా మార్చే భాషలో రాస్తే సున్నా 8 లోపే కాబట్టి పూర్తి ధర పడుతుంది. రెండు దారుల్లోనూ కొలవని పత్తి మంచి పత్తి అయిపోయింది. <తేమ స్థితి="కొలవలేదు"/> అని రాసి, స్థితి లేనప్పుడు అంకె తప్పనిసరి అన్న నియమం పెడితే ఈ జారుడు ఆగుతుంది. ఆ సరుకుకు తేమ ప్రసక్తే లేకపోతే ట్యాగే పెట్టకూడదు. "లేదు", "తెలియదు", "సున్నా" మూడూ వేర్వేరు సంగతులు, పత్రంలో కూడా మూడు రకాలుగానే కనిపించాలి.

ట్యాగులను తెలుగులో రాయొచ్చా అన్న సందేహం కొందరికి వచ్చి ఉంటుంది. నిస్సందేహంగా రాయొచ్చు. 1998 ఫిబ్రవరిలో వచ్చిన మొదటి ఎక్స్‌ఎంఎల్ 1.0 నాటి నుంచే పేర్లలో తెలుగు అక్షరాలకు అనుమతి ఉంది. చదివేవాళ్లు, సరిచేసేవాళ్లు, రేపు అందుకునేవాళ్లు అందరూ తెలుగువాళ్లయినప్పుడు "నికరబరువు" అన్న పేరు ఏ ఇంగ్లీషు పేరుకన్నా స్పష్టంగా ఉంటుంది. పైగా ఎక్స్‌ఎంఎల్‌లో ఇంగ్లీషు పెద్దక్షరం, చిన్నక్షరం వేరు వేరు పేర్లుగా లెక్క. తెలుగులో ఆ తేడా లేదు కాబట్టి ఆ జాతి తప్పులన్నీ పుట్టనే పుట్టవు. బయటి సంస్థకు పంపే ఫైలైతే వాళ్ల నమూనాలోని పేర్లే వాడాలి, అందులో వాదన లేదు. సహించలేనిది కలగాపులగం. ఒకచోట "రైతు", ఇంకోచోట ఇంగ్లీషు అక్షరాల్లో అదే మాట, మరోచోట "ఫార్మర్".

అయితే తెలుగు రాతకు తనవైన గుంటలు ఉన్నాయి, వాటి గురించి ఎక్స్‌ఎంఎల్ పుస్తకాలు చెప్పవు.

మొదటిది ఐత్వం. "రై" లోని ఐత్వానికి, ప్రతి అక్షరానికీ ఒక సంఖ్యను కోడ్‌గా ఇచ్చే యూనికోడ్‌లో ఒకే కోడ్ ఉంది. అదే గుర్తును ఎత్వం ఒక కోడ్‌గా, కింద చేరే ఐత్వపు ముక్క ఇంకో కోడ్‌గా కూడా రాయొచ్చు. యూనికోడ్ ఈ రెండూ సమానమనే చెబుతుంది, తెర మీదా ఒకేలా కనిపిస్తాయి. ఎక్స్‌ఎంఎల్ మాత్రం పేర్లను కోడ్‌కు కోడ్‌గా పోలుస్తుంది. తెరిచిన <రైతు> ఒక రకంగా, మూసిన </రైతు> ఇంకో రకంగా ఉంటే "ట్యాగులు సరిపోలలేదు" అని పార్సర్ ఆగిపోతుంది. కళ్లకు రెండూ ఒకటే కాబట్టి తప్పు ఎక్కడుందో తేలక గంటలు పోతాయి. ఫైలు రాసే ముందు మొత్తం పాఠాన్ని, ఇలాంటి సమానమైన రాతలను ఒకే తీరుకు తెచ్చే ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి మార్చండి. పైథాన్, జావా రెండిటిలోనూ అందుకు ఫంక్షన్లు సిద్ధంగా ఉన్నాయి.

రెండోది పొల్లు తర్వాత వచ్చే కనిపించని అక్షరం. "తక్‌పట్టి" అని క-కు పొల్లు పెట్టి, ప వత్తుగా మారకుండా రాయాలంటే మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కోడ్ పడాలి. అక్కడ అది పనికొచ్చేదే. చిక్కు మాట చివర వస్తుంది. "వరంగల్‌కు" అని టైప్ చేసి "కు" చెరిపేస్తే ఆ కనిపించని కోడ్ "వరంగల్" చివర మిగిలిపోవచ్చు. చూడటానికి తేడా లేదు, పోల్చితే సమానం కాదు. ఎన్‌ఎఫ్‌సీ కూడా దీన్ని తీసేయదు. ట్యాగు పేర్లలోకి వస్తే ఇంకో గొడవ. 2008లో వచ్చిన ఎక్స్‌ఎంఎల్ అయిదో కూర్పు ఈ కోడ్‌ను పేర్లలో అనుమతించింది, అంతకు ముందరి కూర్పులు అనుమతించలేదు. లిబ్‌ఎక్స్‌ఎంఎల్2 అనే పార్సర్ అయిదో కూర్పును పాటిస్తుంది. పైథాన్ వెంట వచ్చే ఎక్స్‌పాట్ పార్సర్ పాత నియమాల మీదే ఉంది. ఒకే ఫైలు ఒకచోట తెరుచుకుని ఇంకోచోట తెరుచుకోకపోవడానికి ఇదొక కారణం. అందుకే పై నమూనాలో వేరు పేరును "పట్టి" అని మాత్రమే పెట్టాను. ట్యాగు పేర్లలో ఈ కోడ్ రాకుండా మాటలు ఎంచుకోవాలి. విలువల్లో మాట మధ్యన ఉంచాలి, మాట చివరన ఉంటే కోసేయాలి.

పాత డీటీపీ పాఠం గురించి కూడా చెప్పాలి. అను ఫాంట్లలో టైప్ చేసిన పేర్లు లోపల తెలుగు కోడ్లు కావు, తెలుగు బొమ్మలు తొడుక్కున్న వేరే కోడ్లు. వాటిని తెచ్చి, యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 అని ప్రకటించిన ఫైల్లో పెడితే పార్సర్ అభ్యంతరం చెప్పదు, చదివేవాళ్లకు మాత్రం పిచ్చి గీతలు వస్తాయి. ముందే యూనికోడ్‌లోకి మార్చి, కొన్ని పేర్లు కంటితో సరిచూసి, ఆ తర్వాతే ట్యాగుల్లోకి ఎక్కించాలి.

యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌కు 3 బైట్లు పడతాయి. "రైతు" అన్న పేరు 4 కోడ్లు, 12 బైట్లు. తెరవడానికి, మూయడానికి కలిపి 24. దీన్ని చూసి కొందరు ట్యాగును "ర" అని కుదిస్తారు. దయచేసి అలా చేయకండి. పదేపదే వచ్చే పేర్లను జిప్ కుదింపు బ్రహ్మాండంగా నలిపేస్తుంది. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు లోపల జిప్ చేసిన ఎక్స్‌ఎంఎలే. అర్థాన్ని చంపి బైట్లు మిగుల్చుకోవాల్సిన పని లేదు.

పేర్లను విలువలుగా వాడితే ఏమవుతుందో చెప్పడానికి మన జిల్లానే మంచి ఉదాహరణ. 2016 అక్టోబరుకు ముందు వరంగల్ ఒకటే పెద్ద జిల్లా. ఆ నెలలో అది చీలి వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు వచ్చాయి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు వేరైంది. 2021 ఆగస్టులో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. ఇప్పుడు <జిల్లా>వరంగల్</జిల్లా> అంటే ఏది? 2015 ఫైల్లో ఒక అర్థం, 2022 ఫైల్లో ఇంకో అర్థం. మధ్య ఏళ్లలో అది అర్బనో రూరలో పేరు చెప్పదు. పదేళ్ల మిర్చి రాబడిని జిల్లావారీగా కూడే ప్రోగ్రాము ఈ మూడిటినీ ఒకే గంపలో వేస్తుంది. దీనికి తోడు హన్మకొండ, హనుమకొండ, హనుమకొండ జిల్లా అని రాతలో తేడాలు. సంకేతం అట్రిబ్యూట్‌లో, పేరు చదువుకోవడానికి లోపల, ఆ సంకేతం ఏ నాటి జాబితాలోదో పై వేరు దగ్గర ఒకసారి. ఇంత చేస్తే పేరు ఎన్నిసార్లు మారినా లెక్క చెడదు. రకాలకు, అడ్తిదారులకు, ఊళ్లకు కూడా ఇదే పద్ధతి.

ఒక్క రోజు పట్టీలైతే ఎలా రాసినా నడుస్తుంది. సీజన్ మొత్తం ఒకే ఫైల్లో వచ్చినప్పుడు నిర్మాణం అసలు పరీక్షకు నిలుస్తుంది. పత్రం మొత్తాన్ని చెట్టుగా మెమరీలోకి ఎక్కించే డామ్ పద్ధతికి ఫైలు సైజుకు ఎన్నో రెట్లు మెమరీ కావాలి. పెద్ద ఫైళ్లను ప్రవాహంలా, ఒక్కో పట్టీ చదివి వదిలేస్తూ పోవాలి. శాక్స్, స్టాక్స్ అనే పద్ధతులు, పైథాన్‌లో ఇటర్‌పార్స్ ఫంక్షన్ ఉన్నది ఇందుకే. అలా చదవడానికి పత్రమూ సహకరించాలి. ముందుగా తెలియాల్సినవి ముందే రావాలి. మార్కెట్, సంకేతాల జాబితా, రైతుల జాబితా మొదట, పట్టీలు ఆ తర్వాత. రైతుల జాబితా చివరన పెడితే చదివే ప్రోగ్రాము అన్ని పట్టీలనూ చేతిలో పట్టుకుని చివరిదాకా ఆగాలి, ప్రవాహపు లాభం అక్కడికి పోయినట్టే. పట్టీలు వేరు కింద నేరుగానో ఒక్క మెట్టు లోపలో ఉండాలి. ఊరి లోపల అడ్తి, అడ్తి లోపల రైతు, రైతు లోపల పట్టి అని నాలుగు మెట్లు దించితే, రేపు రకంవారీ లెక్క అడిగినవాళ్లకు ఆ మెట్లన్నీ అడ్డమే. ఇటర్‌పార్స్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. పట్టీ చదివాక దాన్ని క్లియర్ చేసినా, దాని ఖాళీ గుల్ల వేరుకు వేలాడుతూనే ఉంటుంది. లక్షల గుల్లలైతే మెమరీ పెరుగుతూనే ఉంటుంది కాబట్టి వేరునూ మధ్యమధ్యలో క్లియర్ చేయాలి.

"ర88" అన్న సూచిక గురించీ ఇక్కడే చెప్పాలి. రైతు వివరాలు జాబితాలో ఒకసారి, పట్టీల్లో సూచిక మాత్రమే. స్కీమాలోని ఐడీ రకం వాడితే రెండు షరతులున్నాయి. విలువ అంకెతో మొదలు కాకూడదు, పత్రం మొత్తంలో మళ్లీ రాకూడదు. పట్టాదారు పాసుపుస్తకం నంబరునో పట్టీ నంబరునో అలాగే ఐడీగా పెడితే అంకెతో మొదలై చెల్లదు. రైతుకు "ర", పట్టీకి "ప" అని ముందు అక్షరం చేర్చడం అందుకే. ఆ అక్షరం ఇష్టం లేకపోతే స్కీమాలో కీ, కీరెఫ్ వాడండి, వాటికి ఈ కట్టుబాటు లేదు.

రోజంతా ఒకే ఫైలు చివర పట్టీలు చేర్చుకుంటూ పోదామంటే కుదరదు. మూసే ట్యాగు పడేదాకా అది ఎక్స్‌ఎంఎల్ కాదు, పడ్డాక చేర్చడానికి లేదు. ఒక్కో పట్టీని ఒక్కో చిన్న ఫైలుగా రాసి, సాయంత్రం అన్నిటినీ ఒక వేరు కింద కలపడం మంచిది. ఈ కట్టుబాటు వల్ల ఒక మేలూ ఉంది. నెట్ తెగి ఫైలు సగమే దిగితే, మూసే ట్యాగు లేదు కాబట్టి పార్సర్ వెంటనే చెప్పేస్తుంది. విలువలను కామాలతో విడదీసి వరసలుగా రాసే సీఎస్‌వీ ఫైలైతే సరిగ్గా వరస చివర తెగినప్పుడు సగం రాబడినే మొత్తం అనుకుంటుంది.

రాసే కోడ్‌లో మాటలను ప్లస్ గుర్తుతో అతికించి ట్యాగులు తయారుచేయకండి. దుకాణం పేరులో "&" ఒక్కటి వస్తే ఫైలంతా చెల్లకుండా పోతుంది. అడ్తి దుకాణాల బోర్డుల మీద ఆ గుర్తు ఎంత మామూలో అందరికీ తెలుసు. గుర్తులను ఉన్నవి ఉన్నట్టు తీసుకోమని చెప్పే సీడేటాలో చుట్టేస్తే సరిపోతుందనుకోవడం కూడా పూర్తి మందు కాదు. ప్రతి భాషలోనూ ఎక్స్‌ఎంఎల్ రాసే లైబ్రరీ ఉంది, మార్చి రాయాల్సిన ఇలాంటి గుర్తులను అదే మార్చి రాస్తుంది. బయటినుంచి వచ్చే ఫైళ్లు చదివేటప్పుడు పత్రం మొదట్లో వచ్చే డాక్‌టైప్ ప్రకటనను అసలు అనుమతించకండి. అందులో ఎంటిటీలను, అంటే పెద్ద పాఠానికి బదులు నిలిచే పొట్టిపేర్లను, ఒకదానిలో ఒకటి పదేసి రెట్లు పేర్చి, చిన్న ఫైలుతోనే వంద కోట్ల మాటలు పుట్టించి సర్వర్‌ను కూలదోయొచ్చు. మీ కంప్యూటర్‌లోని ఫైళ్లను చదివించుకోనూ వచ్చు.

నేమ్‌స్పేస్, అంటే ఈ ట్యాగులు ఫలానా నమూనావని చెప్పే ఇంటిపేరు లాంటిది, ఒక్కటి చాలు. అది పెట్టిన రోజు నుంచి "ఎక్స్‌పాత్ ఏమీ తేవడం లేదు" అన్న ఫిర్యాదు మొదలవుతుంది. ఎక్స్‌పాత్ 1.0లో ముందుపేరు లేని ట్యాగు అంటే నేమ్‌స్పేస్ లేని ట్యాగనే అర్థం, పత్రంలోని డిఫాల్ట్ నేమ్‌స్పేస్ దానికి వర్తించదు. ప్రశ్నలో ఒక ముందుపేరు పెట్టి, అది ఏ నేమ్‌స్పేస్‌దో లైబ్రరీకి చెప్పాలి. కొత్త ట్యాగు చేర్చిన ప్రతిసారీ నేమ్‌స్పేస్ మార్చకండి, మారిస్తే పాత ప్రోగ్రాములన్నీ ఒక్కసారిగా గుడ్డివవుతాయి. తెలియని ట్యాగు వస్తే పక్కన పెట్టి ముందుకు పోవాలని చదివేవాళ్లతో మొదటిరోజే ఒప్పందం చేసుకోండి.

స్కీమా రాయడం దండగ, పత్రాలు బాగానే వస్తున్నాయి కదా అనేవాళ్లతో నాకు గట్టి విభేదం ఉంది. ప్రమాణం అట్రిబ్యూట్ తప్పనిసరి, కోత డెసిమల్, రకం ఈ జాబితాలోదే, తేదీ తేదీయే అని స్కీమాలో రాసి ఉంటే, తప్పు ఫైలు గుమ్మం దగ్గరే ఆగుతుంది. తప్పు చేసినవాళ్లు ఇంకా కుర్చీలో ఉండగానే తెలుస్తుంది. లేకపోతే నెలాఖరు లెక్కల్లో బయటపడుతుంది, అప్పటికి ఆ కాంటా కాగితం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. స్థూలబరువులోంచి తరుగు తీస్తే నికరబరువు రావాలి అన్నలాంటి నియమాలు మామూలు స్కీమా 1.0కు చేతకావు. వాటికి స్కీమాట్రాన్ ఉంది. అందులో నియమం రాసేది ఎక్స్‌పాత్‌లోనే, ఎర్రర్ సందేశం మన తెలుగులోనే పెట్టుకోవచ్చు. "నికరబరువు తేడాగా ఉంది, తరుగు సరిచూడండి" అని కంప్యూటర్ ముందున్న గుమాస్తాకు తన భాషలో కనిపిస్తే, అతనే సరిచేస్తాడు.

ఇంతా చదివి "ట్యాగులు లేని జేసన్ రాత వాడితే ఇవన్నీ ఉండవు కదా" అనేవాళ్లుంటారు. నేమ్‌స్పేస్, ఎంటిటీల బెడద ఉండదు, నిజమే. కానీ కామాల మూట, ఖాళీ తేమ, రెండు అర్థాల ధర, పేరు మారిన జిల్లా, ఐత్వపు రెండు రూపాలు అక్కడికీ అలాగే వస్తాయి. యూపీఐ లావాదేవీల సందేశాలు నడిచేది ఎక్స్‌ఎంఎల్‌లోనే. ఏ గుర్తులు వాడినా అర్థాన్ని విడదీసే పని మిగిలే ఉంటుంది.

కొత్త పత్రం మొదలుపెట్టేటప్పుడు ట్యాగులతో మొదలుపెట్టకండి. ముందు ఒక కాగితం మీద, ఆ పత్రాన్ని ఎవరెవరు ఏమేం అడుగుతారో పది ప్రశ్నలు రాయండి. ఈ రోజు తేజ ఎన్ని క్వింటాళ్లు? ఫలానా రైతుకు ఈ సీజన్‌లో మొత్తం ఎంత ముట్టింది? తేమ కొలవని బండ్లెన్ని? తర్వాత రెండు మూడు నిజమైన తక్‌పట్టీలను చేత్తో ఎక్స్‌ఎంఎల్‌గా రాయండి, కోతలు ఎక్కువున్నది ఒకటి, ఏదో ఒక గడి ఖాళీగా ఉన్నది ఒకటి తప్పక ఉండాలి. అప్పుడు పది ప్రశ్నలకూ ఎక్స్‌పాత్ రాసి చూడండి. ఏ ప్రశ్నకైనా ఒక్క వరసలో జవాబు రాకపోతే ఎక్స్‌పాత్‌తో కుస్తీ పట్టకుండా చేత్తో రాసిన ఆ పట్టీనే మార్చండి. పదీ కుదిరాక స్కీమా రాయండి, దాంతో పాటు కావాలని చెడగొట్టిన ఫైళ్లు ఓ డజను తయారుచేసుకోండి. కామా ఉన్న సొమ్ము, తిరగబడ్డ తేదీ, ఖాళీ తేమ, రెండు ముక్కల ఐత్వంతో రాసిన రైతు, చివర కనిపించని కోడ్ ఉన్న వరంగల్. స్కీమా, స్కీమాట్రాన్ కలిసి వాటిలో ప్రతిదాన్నీ ఆపాలి. దేన్నైనా వదిలేస్తే, ఆ నియమం చేర్చాకే మొదటి అసలు పట్టీ ఎక్కించండి.